తొలి నెలల్లో కడుపు నొప్పి: ఏది మామూలు, ఏది ప్రమాదం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు విన్నాం. బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు కూడా విన్నాం. మేము కడుపు నొప్పి గురించి మాట్లాడతాం అంటే కొందరు నవ్వారు. నవ్వండి, పర్వాలేదు. కానీ మన దశసూత్రాలు ఒకసారి గుర్తు చేసుకోండి. సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాలు, పుస్తకాలు, ఈ అయిదూ మనకి నోటికొచ్చు. తర్వాతి అయిదింటిలో ఆరోగ్యం ఒకటి. దాని దగ్గరకొచ్చేసరికి మన పుస్తకంలో ఒక గీత గీసి వదిలేస్తున్నాం. కానీ వాయిదా తప్పిన ఇంటికి వెళ్లి కారణం అడిగితే చాలాసార్లు వినబడే మాట ఆసుపత్రి ఖర్చే కదా.

సంఘం సమావేశం అయిపోయాక, అందరూ లేచి వెళ్తుంటే, గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, నెల తప్పి నలభై రోజులైంది. పొత్తికడుపులో లాగుతోంది. ఏమన్నా అవుతుందా?" ఈ ప్రశ్న మేము ప్రతి ఊళ్లోనూ విన్నాం. దీనికి మన ఇళ్లలో రెండు రకాల జవాబులున్నాయి. ఒకటి, "ఏమవుతుందిలే, మేమంతా కనలేదా" అనడం. రెండోది, చిన్న నొప్పికే భయపడి అప్పు చేసి ఆసుపత్రులు తిరగడం. మొదటి జవాబుతో ప్రాణం పోవచ్చు. రెండో జవాబుతో ఇల్లు అప్పులపాలవుతుంది. ఈ రెంటికీ మధ్య తెలుసుకుని నడిచే దారి ఒకటుంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

నొప్పికి పేరు పెట్టడం

డాక్టరు దగ్గరికి వెళ్లి "నొప్పమ్మా" అని ఊరుకుంటాం. ఆమె "ఎలాంటి నొప్పి" అని అడిగితే "నొప్పే" అంటాం. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. లాగుతోంది, పీకుతోంది, మెలిపెడుతోంది, పొడుస్తోంది, సలుపుతోంది, మంటగా ఉంది, బరువుగా ఉంది, పట్టేసింది. ఇవన్నీ ఒకటి కాదు. ఏ మాట వాడామన్నదాన్ని బట్టే డాక్టరు సగం సంగతి గ్రహిస్తుంది.

అందుకని నొప్పి వచ్చినప్పుడు అయిదు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఎక్కడ వస్తోంది, మధ్యలోనా, ఒక పక్కనా? ఎలాంటిది, లాగుతున్నట్టా, పొడిచినట్టా? ఎంతసేపు ఉంటోంది? కూర్చుంటే, పడుకుంటే తగ్గుతోందా? దానితోపాటు ఇంకేమన్నా ఉందా, అంటే రక్తం, జ్వరం, మూత్రంలో మంట, కళ్లు తిరగడం లాంటివి? అప్పు దరఖాస్తులో గడులు నింపినట్టు ఈ అయిదు గడులూ మనసులో నింపుకోండి. చివరి ముట్టు వచ్చిన తేదీ కూడా చెప్పగలగాలి. క్యాలెండరు మీద చిన్న సున్నా చుట్టడానికి చదువు అక్కర్లేదు.

మామూలు నొప్పి ఎందుకొస్తుంది

గర్భసంచి అంటే ఒక కండ. గర్భం లేనప్పుడు చిన్న జామకాయంత ఉంటుంది. మూడో నెల నిండేసరికి పెద్ద దబ్బకాయంత అవుతుంది. అంత తొందరగా పెరిగే కండ, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే తాళ్లలాంటి పట్టీలు లాగకుండా ఎలా ఉంటాయి? అందుకే తొలి నెలల్లో ముట్టు రాబోయే ముందు వచ్చినట్టు పొత్తికడుపులో లాగడం, నడుము పీకడం, బరువుగా ఉండటం చాలామందికి ఉంటుంది. అది వస్తూ పోతూ ఉంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. రోజురోజుకీ పెరగదు.

అంతకంటే ముందు, పిండం గర్భసంచి గోడకు అతుక్కునేటప్పుడు కూడా కొందరికి చిన్న నొప్పి, ఒకటి రెండు చుక్కల మరక కనబడొచ్చు. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య జరిగే పని ఇది. అంటే ఇంచుమించు ముట్టు రావాల్సిన రోజులకు దగ్గరలోనే. అందుకే దాన్ని "ఈసారి ముట్టు కొద్దిగా కనబడింది" అనుకుని తేదీ తప్పు లెక్క వేసుకునేవాళ్లున్నారు.

ఇక గ్యాసు, మలబద్ధకం. గర్భం నిలవగానే ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. గర్భసంచి బిగుసుకోకుండా వదులుగా ఉంచడం దాని పని. అయితే పేగుల్ని కూడా అది వదులు చేస్తుంది. తిన్నది నెమ్మదిగా కదులుతుంది. కడుపు ఉబ్బరం, మెలిపెట్టడం, రెండు మూడు రోజులు విరేచనం కాకపోవడం, అన్నీ దాని వల్లే. వేవిళ్లతో నీళ్లు కూడా తాగలేకపోతే ఇది ఇంకా ఎక్కువవుతుంది. మన ఇళ్లలో దీన్ని "వేడి చేసింది" అంటాం. పేరు ఏదైనా, మందు నీళ్లే.

భార్యాభర్తలు కలిసిన తర్వాత కూడా కాసేపు పొత్తికడుపు పట్టేసినట్టు ఉండొచ్చు. రక్తం కనబడకుండా, కాసేపట్లో తగ్గిపోతే భయం లేదు. ఇది ఎవరినీ అడగలేక మనసులో పెట్టుకుని కుమిలిపోయేవాళ్లున్నారు, అందుకని ఇక్కడ చెబుతున్నాం.

పిక్కలు పట్టేయడం

అర్ధరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోయి కేక పెట్టి లేవడం ఎక్కువగా నాలుగో నెల దాటాక వస్తుంది. కొందరికి ముందే మొదలవుతుంది. రోజంతా నిలబడి నాట్లు వేసినవాళ్లకి, ఎండలో మిరపకోతకి వెళ్లి నీళ్లు తక్కువ తాగినవాళ్లకి ఇంకా ఎక్కువ.

పట్టేసినప్పుడు ఏం చేయాలి? కాలు చాపి, మడమను ముందుకు నెట్టి, కాలివేళ్లను మోకాలి వైపు లాగాలి. చాలామంది వేళ్లను కిందికి చాపుతారు, దాంతో ఇంకా బిగుస్తుంది. వేళ్లు పైకే రావాలి. పక్కన మనిషి ఉంటే ఆ మనిషి పాదాన్ని మెల్లగా పైకి నొక్కితే చాలు. తర్వాత పిక్కను చేత్తో రుద్ది, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ వేసి, నాలుగు అడుగులు నడవాలి. పడుకోబోయే ముందు గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగదీస్తే రాత్రి ఇబ్బంది తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, నొప్పి తగ్గకుండా ఉంటే అది పట్టేయడం కాదు. లోపల రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గర్భిణులకు ఆ అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఆ కాలిని రుద్దకూడదు, మాలిష్ చేయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి

మామూలు నొప్పి అని తేలితే పని కాస్త ఆపి ఎడమ పక్కకో, మీకు సుఖంగా ఉన్న పక్కకో తిరిగి పడుకోండి. నీళ్లు తాగండి. వేవిళ్లు ఉంటే ఒకేసారి చెంబెడు తాగితే వాంతి అవుతుంది, గుక్కెడు గుక్కెడుగా తాగండి. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు ఏవైనా మంచివే. తిండి మూడు పూటలది అయిదారు సార్లుగా కొంచెం కొంచెం తినండి. ఆకుకూర, బీరకాయ, సొరకాయ, అరటిపండు, జామపండు లాంటివి విరేచనం సాఫీ చేస్తాయి. నడుముకో పొత్తికడుపుకో కాపడం పెట్టుకోవాలంటే గోరువెచ్చగా, కొద్దిసేపు మాత్రమే.

విరేచనం కాలేదని ఆముదం తాగొద్దు. గర్భిణికి అది మంచిది కాదు. నొప్పికి ఊళ్లో సూది వేయించుకోవద్దు. మామూలుగా వేసే నొప్పి సూదిలో డైక్లోఫెనాక్ ఉంటుంది. అది గానీ, ఐబుప్రొఫెన్ గానీ గర్భిణి తనంతట తాను వాడకూడదు. మరీ ఇబ్బందిగా ఉంటే ఏఎన్‌ఎం అమ్మగారిని అడిగి పారాసెటమాల్ వేసుకోవచ్చు. సూది వేసే ఎవరికైనా ముందు ఒక మాట చెప్పండి, "నాకు నెల తప్పింది" అని. ఆ ఒక్క మాట చెప్పక ఎన్ని తప్పుడు మందులు పడుతున్నాయో.

తొలి మూడు నెలల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకొకటి వేసుకోవాలి. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర, కాల్షియం మాత్రలు ఇస్తారు. రెండూ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. టీతో కలిపి ఐరన్ వేసుకోవద్దు. ఐరన్‌తో విరేచనం నల్లగా అవుతుంది, కొందరికి మలబద్ధకం వచ్చి కడుపు నొప్పి కూడా వస్తుంది. దానికి భయపడి మాత్రలు చెత్తకుప్పలో పడేయొద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న మనిషికి చిన్న రక్తస్రావం కూడా పెద్ద గండమే అవుతుంది.

ఆగకూడని నొప్పులు

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. వీఓఏ చెల్లెళ్లు రాసుకోండి.

ఒకటి, గొట్టంలో గర్భం. గర్భసంచికి రెండు పక్కలా సన్నని గొట్టాలుంటాయి. ప్రతి 100 గర్భాల్లో ఒకటో రెండో గర్భసంచిలో కాకుండా బయట నిలుస్తాయి, ఎక్కువగా ఆ గొట్టంలోనే. అక్కడ బిడ్డ పెరగలేదు, అక్కడి నుంచి గర్భసంచిలోకి మార్చడం కూడా కుదరదు. పెరిగేకొద్దీ గొట్టం పగిలి కడుపులోపల రక్తం కారుతుంది. ఇది ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది, అంటే నెల తప్పి రెండు మూడు వారాలకే. చాలామంది ఇంకా ఇంట్లో చెప్పి ఉండరు. గుర్తులు ఇవి: ఒక పక్క పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి, కొద్దిగా రక్తం లేదా గోధుమరంగు మరక, కళ్లు తిరిగి పడిపోవడం, చెమటలు పట్టడం, భుజం చివర నొప్పి. కడుపులో జబ్బుకి భుజం నొప్పేమిటి అనుకుంటారు. లోపల కారిన రక్తం పైన ఉన్న పొరకు తగిలితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. బయటికి రక్తం కొంచెమే కనబడుతుంది కాబట్టి "ఇంతేగా" అనుకోవద్దు. అసలు రక్తం లోపల పోతూ ఉంటుంది. ముందుగా కనిపెడితే చాలామందికి మందులతోనే నయం చేయొచ్చు. పగిలాక ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ గంటల లెక్కలో జరగాలి.

ఇక్కడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన అక్కలకి ప్రత్యేకంగా చెప్పాలి. 2019-21లో జరిగిన ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఈ ఆపరేషన్ అయిందని తేలింది. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం చాలా అరుదు. కానీ వస్తే, అది గొట్టంలో నిలిచే అవకాశం బాగా ఎక్కువ. మనం ఏమనుకుంటాం? "నాకు ఆపరేషన్ అయిపోయింది, ముట్టు రాకపోతే బలహీనతేలే, వయసేలే" అనుకుంటాం. అలా అనుకోవద్దు. ముట్టు తప్పి కడుపు నొప్పి వస్తే ఆపరేషన్ అయినవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆశా అక్క దగ్గర నిశ్చయ్ కిట్టు ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ముందోసారి గొట్టంలో గర్భం వచ్చినవాళ్లు, తెల్లబట్టతో పొత్తికడుపు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు కూడా నెల తప్పగానే స్కానింగ్‌కి వెళ్లాలి.

రెండు, గర్భస్రావం. నొప్పి అలలు అలలుగా వచ్చి పెరుగుతూ, రక్తం ముట్టులాగానో అంతకంటే ఎక్కువగానో, గడ్డలుగానో పడుతుంటే ఆలస్యం చేయొద్దు. గంటకో ప్యాడు నిండుతూ రెండు గంటలు గడిస్తే అది అత్యవసరం. గుడ్డలు వాడేవాళ్లు ఎన్ని మార్చారో లెక్కపెట్టుకోండి, డాక్టరు అడుగుతారు. ముక్కలేమన్నా పడితే గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి, సిగ్గుపడొద్దు. అయితే మరక కనబడిన ప్రతిసారీ గర్భం పోయినట్టు కాదు. తొలి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి దాకా ఎంతో కొంత రక్తం కనబడుతుంది, వాళ్లలో చాలామంది పండంటి బిడ్డల్ని కంటున్నారు. అందుకని గుండెలు బాదుకోవద్దు, ఊరుకోనూ వద్దు. వెళ్లి చూపించుకోండి. మీ రక్తం గ్రూపు నెగటివ్ అయితే ఆ మాట ముందే చెప్పండి. రక్తస్రావం అయినప్పుడు నెగటివ్ వాళ్లకి యాంటీ-డి సూది అవసరమా అని డాక్టరు చూస్తారు. వచ్చే కాన్పుకి అది రక్షణ.

మూడు, మూత్రంలో ఇన్ఫెక్షన్. పొత్తికడుపు కింద నొప్పి, మూత్రానికి మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పోసేటప్పుడు మంట, వాసన. చలిజ్వరం, వెనక పక్కటెముకల కింద నొప్పి కూడా ఉంటే అది కిడ్నీదాకా వెళ్లిందని అనుమానించాలి. వైద్యం చేయించకపోతే తర్వాతి నెలల్లో నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. మూత్ర పరీక్షతో తెలిసిపోతుంది, గర్భిణులకు ఇవ్వదగిన మందులున్నాయి.

నాలుగు, మందుల షాపు మాత్రలు. ఈ గర్భం వద్దనుకునే పరిస్థితి ఎవరికైనా రావొచ్చు. అది తప్పని మేము అనడం లేదు. చట్టం 1971 నుంచి ఉంది, 2021లో సవరించారు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు దగ్గర సురక్షితంగా చేయించుకోవచ్చు. కానీ షాపులో కిట్టు కొనుక్కొచ్చి ఇంట్లో మింగితే ఏం జరుగుతుంది? ఆ మాత్రలు తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. గర్భం గొట్టంలో ఉంటే అవి పనిచేయవు. రక్తం కనబడింది కాబట్టి "అయిపోయింది" అనుకుంటారు, లోపల గొట్టం పెరుగుతూనే ఉంటుంది. మాత్రలు మింగినవాళ్లు ఆసుపత్రిలో ఆ సంగతి దాచొద్దు. దాస్తే వైద్యం తప్పుతుంది.

వీటితోపాటు, కడుపు కుడి పక్క కింద నొప్పి పెరుగుతూ జ్వరం, వాంతులు ఉంటే అపెండిక్స్ కావచ్చు. గర్భం ఉన్నంత మాత్రాన మిగతా జబ్బులు రాకుండా పోవు.

కడుపు పోతే తప్పెవరిది

తెలిసిన ప్రతి 100 గర్భాల్లో 10 నుంచి 20 దాకా నిలవవు. ఎక్కువభాగం తొలి మూడు నెలల్లోనే పోతాయి. వాటిలో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లోపం వల్ల జరుగుతాయి. అంటే విత్తనం మొలకెత్తే దగ్గరే తేడా వచ్చింది. ఆ తల్లి బిందె ఎత్తినందుకు కాదు, గుమ్మం మీద కూర్చున్నందుకు కాదు, గ్రహణం చూసినందుకు కాదు, ఎవరో దిష్టి పెట్టినందుకు కాదు. ఇంట్లో తినే ఒక నువ్వులుండ వల్ల గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. పచ్చి బొప్పాయి పక్కన పెట్టండి, పండిన బొప్పాయికి భయం లేదు. నెలల తరబడి మంచం దిగకుండా పడుకోబెట్టినా పోయే గర్భం ఆగుతుందని రుజువు కాలేదు. మామూలు పని చేసుకోవచ్చు. మానాల్సింది మూటలు మోయడం, పురుగుమందు కొట్టడం, మందు కలపడం, నడి ఎండలో నీళ్లు లేకుండా ఉండటం.

అత్తగార్లారా, మీలో చాలామంది మన సంఘాల నాయకురాళ్లే. మీకు ఒక్క మనవి. కోడలికి కడుపు పోయిన రోజు మీరనే మొదటి మాట ఆమె జన్మంతా మరిచిపోదు. ఆ మాట "ఏం తిన్నావు, ఏం ఎత్తావు" కాకుండా "ఎలా ఉందమ్మా" అయితే చాలు. కొడుకుతో కూడా ఆ మాటే అనిపించండి.

మూడో నెలదాకా చెప్పకూడదా

మనలో ఒక ఆచారం ఉంది. మూడో నెల వచ్చేదాకా బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది అంటారు. ఊరంతా చాటమని మేమూ అనడం లేదు. కానీ ఇందాక విన్నారు, గొట్టంలో గర్భం ఎప్పుడు పగులుతుంది? రెండో నెలలో. గర్భస్రావాలు ఎప్పుడు ఎక్కువ? మూడు నెలల లోపు. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మనిషి ఒంటరిగా ఉంటోంది. పొలంలో కళ్లు తిరిగి పడిపోతే పక్క సాలులో ఉన్న మనిషికి ఆమె గర్భిణి అని తెలియదు. "ఎండదెబ్బ" అని నీళ్లు చల్లి చెట్టు కింద పడుకోబెడతారు. అంతలోనే విలువైన గంట పోతుంది.

ఇంకో సంగతి, ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ మాట్లాడరు. మిరపకోతకి, పత్తితీతకి వెళ్లినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రందాకా మనం నీళ్లు ఎందుకు తాగం? దాహం లేక కాదు. మూత్రానికి వెళ్లే మరుగు లేక. ఆ దాహమే పిక్కలు పట్టేయడం, మలబద్ధకం, మూత్రంలో మంట, మూడింటికీ మూలం. ఇది ఒక్క మనిషి సర్దుకుంటే తీరే సమస్య కాదు, ముఠా మొత్తం పట్టించుకోవాలి.

మా ప్రతిపాదనలు

మాటలతో ఆపకుండా అయిదు ప్రతిపాదనలు మహాసభ ముందు పెడుతున్నాం.

మొదటిది, ఒక్క మనిషికి చెప్పడం. నెల తప్పిన ప్రతి సభ్యురాలు సంఘంలో తనకి నమ్మకమున్న ఒక్కరికి ఆ వారంలోనే చెప్పాలి. ఆ మనిషిని ఆమే ఎంచుకుంటుంది. విన్న మనిషి ఆ మాట సమావేశంలో ఎత్తకూడదు, పుస్తకంలో రాయకూడదు. ఆశా అక్క దగ్గరికి తోడు వెళ్లి 12 వారాల లోపు పేరు నమోదు చేయించాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డు చేతికొచ్చేలా చూడాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా చూస్తారు, ఆ రోజు కూలి పోతుందని ఆగకుండా పంపాలి.

రెండోది, చేతినిల్వ. స్త్రీనిధి మనకి 2011 నుంచి ఉంది, 48 గంటల్లో అప్పు అందాలన్నది దాని పద్ధతి. వేరే ఏ అవసరానికైనా అది మంచి ఏర్పాటే. కానీ గొట్టం పగిలిన మనిషి 48 గంటలు ఆగలేదు. సంఘం డబ్బు బ్యాంకులో ఉంది, తీయాలంటే తీర్మానం కావాలి, సంతకాలు కావాలి, బ్యాంకు తెరిచి ఉండాలి. నొప్పి ఆదివారం రాత్రి వస్తే? అందుకని ప్రతి గ్రామైక్య సంఘం ఆరోగ్య నిధిలో కొంత సొమ్ము నగదుగా ఒక బాధ్యురాలి దగ్గర ఉంచాలని కోరుతున్నాం. ఎంత అన్నది మీ సంఘమే నిర్ణయించండి. ముందు ఇచ్చి, తర్వాతి సమావేశంలో ఆమోదం తీసుకునే వీలు కల్పించండి. వడ్డీ వేయొద్దు. లెక్క మాత్రం పైసాతో సహా పుస్తకంలో ఉండాలి.

మూడోది, బండి. 108కి మొదట ఫోన్ చేయాలి. గర్భిణి, కడుపు నొప్పి, రక్తస్రావం, ఈ మూడు మాటలూ ఫోన్‌లో స్పష్టంగా చెప్పాలి. దానితోపాటు రాత్రిపూట వచ్చే రెండు ఆటోల నంబర్లు సంఘం కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. స్కానింగ్, ఆపరేషన్, రక్తం ఉన్న ప్రభుత్వాసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఏఎన్‌ఎం అమ్మగారిని అడిగి దాని కిందే రాయండి. గొట్టంలో గర్భం అనుమానముంటే చిన్న ఆసుపత్రుల చుట్టూ తిరగకుండా నేరుగా అక్కడికే వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, రక్తం ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే సమాఖ్యకి చెప్పండి.

నాలుగోది, పని చోట. కూలి ముఠా మేస్త్రుల్లో చాలామంది మన సభ్యులే. చేలోకి నీళ్ల డబ్బా, నాలుగు కర్రలు, రెండు పాత చీరలు తీసుకెళ్తే మరుగు ఏర్పాటవుతుంది. గర్భిణికి మోత పని కాకుండా నీడలో కూర్చుని తాలుకాయలు ఏరే పని ఇవ్వండి. కూలి తగ్గించకుండా ఇవ్వండి. ఉపాధి పనిలోనైతే నీడ, తాగునీరు అడిగి తీసుకోవడం మన హక్కు.

అయిదోది, పోయిన తర్వాత. గర్భస్రావం అయిన సభ్యురాలు సమావేశానికి రాలేకపోతే జరిమానా వేయొద్దు. ఆ నెల వాయిదాకి సంఘం సర్దుబాటు చేయాలి. కారణం అందరి ముందూ చెప్పమని అడగొద్దు, ఆమె ఎంచుకున్న మనిషి చెబితే చాలు. తర్వాత కూడా జ్వరం, దుర్వాసన, ఆగని రక్తం ఉంటే మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత కూడా ఆ మనిషిదే.

చివరిగా ఒక్క మాట. మన సంఘాలు మొదలైన రోజుల్లో రూపాయి దాచడానికి కూడా మొగుడి అనుమతి అడిగిన ఆడవాళ్లం మనం. ఇప్పుడు లక్షల అప్పు తీసుకుని, సంతకం చేసి, తీర్చి చూపిస్తున్నాం. బ్యాంకు మేనేజరు ముందు గట్టిగా మాట్లాడే మనం, మన కడుపులో నొప్పి గురించి గుమ్మం దగ్గర గుసగుసగా ఎందుకు అడగాలి? లాగే నొప్పికి నీళ్లు తాగి పడుకుందాం, పొడిచే నొప్పికి బండి పిలుద్దాం. ఆ తేడా తెలిసిన మనిషి ప్రతి సంఘంలో ఒక్కరైనా ఉండాలన్నదే మా కోరిక.

ఈ అయిదు ప్రతిపాదనలనూ చర్చించి తీర్మానం చేయాలని మహాసభను కోరుతున్నాం.  అడగాల్సినవి ఉంటే ఇక్కడే అడగండి. ఇక్కడ అడగలేనివి భోజనాల దగ్గర అడగండి, మేము అక్కడే ఉంటాం.